సగం హక్కుతో అడవి నిలవదు

అడవిలో పశువులు మేపుకొంటే పుల్లరి కట్టాలా అని పల్నాడు రైతులు ఎదురు తిరిగి వందేళ్లు దాటాయి. 1922లో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యారు. ఆనాటి దొరల వాదన ఒక్కటే: అడవి సర్కారుది, అందులో మేసే గొడ్డుకూ పుల్ల ఏరుకునే మనిషికీ లెక్క కట్టాలి. అదే ఏడాది మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు కదలడానికీ అటవీ చట్టం పెట్టిన బాధలు పెద్ద కారణం. హనుమంతు వర్ధంతికి దండలు వేస్తున్నాం. అడవి ఎవరిదన్న ఆ తగవు మాత్రం ఇంకా తెగలేదు.

తెగలేదని పార్లమెంటే ఒప్పుకొంది. అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే రాసుకొంది. గిరిజనులకు భూమి హక్కు ఇవ్వడం న్యాయమంటే ఇవాళ కాదనేవాళ్లు తక్కువే. అడవి బతకాలన్నా అదే దారి అంటేనే చాలామంది నొసలు చిట్లిస్తారు. పట్టా చేతిలో పెడితే చెట్టు కొట్టేస్తారని భయం.

ఆ భయానికి జవాబు అమెజాన్ వర్షారణ్యాల్లో దొరుకుతుంది. బ్రెజిల్‌లో ఉపగ్రహ చిత్రాలతో భూమి వినియోగాన్ని లెక్కించే మ్యాప్‌బయోమాస్ ప్రకారం, 1990 నుంచి 2020 వరకు ప్రైవేటు భూముల్లో సహజ వృక్షసంపద 20 శాతానికి పైగా పోయింది. ఆదివాసుల భూముల్లో పోయింది ఒక శాతం. మారుమూల కాబట్టి మిగిలిందేమో అనే అనుమానం న్యాయమైనదే. అందుకే 2020లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వచ్చిన అధ్యయనం మరింత ముఖ్యం. బ్రెజిల్‌లో ఆదివాసుల భూమికి హక్కు దశలవారీగా వస్తుంది: గుర్తింపు, ప్రకటన, చివరికి దేశాధ్యక్షుడి సంతకం. సంతకం పడి సామూహిక హక్కు పూర్తయిన చోటే నరికివేత గట్టిగా తగ్గిందని ఆ పరిశోధకులు తేల్చారు. మధ్య దశల్లో ఆగిపోయిన భూముల్లో ఆ ఫలితం కనిపించలేదు. పాసు పుస్తకం చేతికి రాని పొలం మీద ఎవరి కళ్లు పడతాయో గుంటూరు రైతుకు ఒకరు చెప్పాలా?

సంతకంతోనే అంతా అయిపోతుందనీ మేము అనడం లేదు. బ్రెజిల్‌లోనే యనోమామి ఆదివాసుల సుమారు 96 లక్షల హెక్టార్ల భూమికి 1992లోనే హక్కు ఖరారైంది. అయినా బంగారం తవ్వేవాళ్లు వేలాదిగా చొరబడ్డారు. ప్రభుత్వం కళ్లు మూసుకుంది. నదుల్లో పాదరసం కలిసింది, పిల్లలు ఆకలితో, మలేరియాతో చనిపోయారు. 2023 జనవరిలో అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. కాగితం ఇచ్చిన సర్కారు కాపలాకూ రావాలి.

ఇక మన సంగతి. 2020 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో సుమారు లక్షన్నర గిరిజన కుటుంబాలకు అటవీ హక్కుల చట్టం కింద ఆర్వోఎఫ్ఆర్ పట్టాలు పంచారు. మంచి పనే. అయితే అవి కుటుంబం సాగు చేసుకొంటున్న ముక్కకు ఇచ్చిన వ్యక్తిగత పట్టాలు. ఊరి చుట్టూ ఉన్న అడవిని కాపాడుకొనే, నిర్వహించుకొనే హక్కు వేరే. చట్టంలో దానికి వేరే సెక్షన్, వేరే దరఖాస్తు ఉన్నాయి. అదే ఫారం-సి. ఏ వాగు దాకా మనది, ఏ గుట్ట దగ్గర పక్క గూడెం హద్దు మొదలవుతుంది, చింతపండు ఎక్కడ ఏరుతారు, దేవర ఏ చెట్టు కింద ఉంటుంది అన్నవన్నీ పెద్దలు నడిచి చూపించాలి, గ్రామసభ తీర్మానించాలి. పెద్దల వాంగ్మూలమూ సాక్ష్యమేనని నిబంధనలే చెబుతున్నాయి. ఆ తర్వాత ఫైలు డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ కమిటీకి వెళ్లాలి. వ్యక్తిగత పట్టాలతో పోలిస్తే ఇలా వచ్చిన సామూహిక హక్కు పత్రాలు బహు స్వల్పం. కుటుంబానికో పట్టా ఇస్తే లబ్ధిదారుల జాబితా పెరుగుతుంది, సభ పెట్టి ఫొటో దిగొచ్చు. ఊరికి అడవి అప్పగిస్తే అటవీ శాఖ పెత్తనం తగ్గుతుంది. ఏది ముందు నడుస్తుందో ఊహించడం కష్టం కాదు.

పోడు పేరుతో కొత్తగా అడవి కొట్టడం కొన్నిచోట్ల జరుగుతోంది, దాచాల్సిన పని లేదు. చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఉన్న సాగునే గుర్తిస్తుంది, ఆ తర్వాతి నరుకుడికి హక్కు లేదు. కానీ గొడ్డలి పట్టినవాణ్ని ఆపాల్సిందెవరు? వేల ఎకరాల బీటుకు ఒక్క గార్డు ఏం చేయగలడు? సామూహిక హక్కు ఉన్న గ్రామసభ తన ఊరివాణ్నే నిలదీయగలదు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గోండులకు 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద ఈ హక్కు వచ్చింది. 2011 నుంచి వెదురు తామే అమ్ముకొంటున్నారు. ఎంత కొట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఊరే కూర్చుని నిర్ణయిస్తుంది.

మన నల్లమల వర్షారణ్యం కాదు, ఎండాకాలం ఆకు రాల్చే పొడి అడవి. అయినా సూత్రం మారదు. కొండ చరియల్లోని తేనెపట్టు కోసం చెంచు తాడుకు వేలాడుతూ దిగుతాడు. పైన ఆ తాడు బావమరిది చేతిలో ఉంటుందని, తన అక్కచెల్లెళ్ల తాళిబొట్టు కోసమైనా వాడు వదలడని అక్కడ చెప్పుకొంటారు. పట్టు మొత్తం పిండకుండా ఈగలకు కొంత వదిలి వస్తారు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో బేస్ క్యాంపుల్లో కాపలా కాసేది, పులి అడుగు జాడ పట్టేది, వేసవి మంటలు ఆర్పేది చాలావరకు ఈ చెంచులే. రాష్ట్రంలో పులులు 2018 లెక్కలో 48 ఉంటే 2022కు 63 అయ్యాయి. ఆ ఘనత అంతా చెంచులదేనని చెప్పలేం. వాళ్లు అక్కడ ఉండగానే పులి పెరిగిందన్నది మాత్రం నిజం. అయినా 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ దేశవ్యాప్తంగా పులుల అభయారణ్యాల నడిబొడ్డున ఉన్న కోర్ ప్రాంతాల్లోని 591 గ్రామాల తరలింపును వేగిరపరచాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. హక్కులు తేల్చకుండా, ఊరు ఒప్పుకోకుండా కదిలించకూడదని చట్టం చెబుతోంది. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ చూపించి కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఒప్పుకోవడం కిందకు రాదు.

ఇంకో తలనొప్పి 2022 అటవీ సంరక్షణ నిబంధనలు, వాటి స్థానంలో 2023లో వచ్చిన కొత్త నిబంధనలు. వాటి ప్రకారం అడవిలో ప్రాజెక్టుకు ఢిల్లీ ముందు తుది అనుమతి ఇచ్చేస్తుంది, గిరిజన హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకోవాలి. అంతా అయ్యాక ‘మీకు సమ్మతమేనా’ అని అడిగితే గ్రామసభ ఏం చెప్పాలి? 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల డోంగ్రియా కోందు గిరిజనులు పన్నెండు గ్రామసభల్లో బాక్సైట్ వద్దనగలిగారంటే, తవ్వకం మొదలు కాకముందే వాళ్లను అడగాలని సుప్రీంకోర్టు చెప్పబట్టే. మన విశాఖ మన్యంలోని జెర్రెల బాక్సైట్ తవ్వకాల జీవో కూడా గిరిజనుల పట్టుదలతోనే 2019లో రద్దయింది. ఇప్పుడు నీటిని ఎత్తుకు తోడి, కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల మీద అదే మన్యంలో మళ్లీ నిరసనలు సాగుతున్నాయి.

ఇదంతా ఎక్కడో కొండల మీది గొడవని విజయవాడ అనుకోవడానికి లేదు. పట్టిసీమ నీళ్లు పోలవరం కుడి కాలువలోనే ప్రకాశం బ్యారేజీకి వస్తున్నాయి, రేపు పోలవరం నీళ్లూ అదే దారిన వస్తాయి. ఆ జలాశయం కోసం ఊళ్లు వదులుతున్న వారిలో కోయలు, కొండరెడ్లు ఎందరో. డెల్టా పచ్చదనం వాళ్లకు బాకీ పడి ఉంది.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వం ముందు ఫారం-సి ఫైళ్ల దుమ్ము దులపాలి. శ్రీశైలం, పాడేరు, రంపచోడవరం గిరిజనాభివృద్ధి సంస్థలకు (ఐటీడీఏలకు) సర్వేయర్లను, జీపీఎస్ యంత్రాలను ఇచ్చి, ఏ గూడెం దరఖాస్తు ఏ కమిటీ దగ్గర ఎన్నాళ్లుగా ఆగిందో నెలనెలా బయటపెట్టాలి. తిరస్కరిస్తే కారణం తెలుగులో రాసి గ్రామసభకే ఇవ్వాలి. అవి తేలేదాకా ఆ గూడేల అడవిలో ఏ కొత్త ప్రాజెక్టుకూ, ఏ తరలింపుకూ సచివాలయంలో సంతకం పడకూడదు.