ఏఐ రూపకల్పనలో కాదనే హక్కు ఎవరిది?

కృత్రిమ మేధ చర్చల్లో ఆదివాసీ సమాజాల ప్రస్తావన వస్తే, వారి భాషలను కూడా యంత్రాలకు నేర్పాలన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ సమాజాలు అడుగుతున్నది అంతకంటే ముందు తేలాల్సిన విషయం: నేర్పాలా వద్దా, నేర్పితే ఎవరి అధీనంలో నేర్పాలి అన్న నిర్ణయం ఎవరిది?

న్యూజిలాండ్ ఉత్తర కొసన ఉన్న, అక్కడి ఆదివాసులైన మావోరీల ప్రసార సంస్థ తె హికు మీడియా, మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ కోసం 2018లో తమ భాషలో వాక్యాలు చదివి పంపమని జనాన్ని కోరగా, పది రోజుల్లోనే సుమారు 300 గంటల రికార్డింగులు చేరాయి. ఆ డేటాకు విదేశీ కంపెనీ నుంచి బేరం వస్తే సంస్థ తిరస్కరించింది. తాము దానికి యజమానులం కామని, సంరక్షకులం మాత్రమేనని చెబుతూ, మావోరీలకు మేలు చేసే పనులకే దాన్ని వాడాలన్న షరతుతో సొంత లైసెన్సు రాసుకుంది. అన్నీ అందరికీ తెరిచి ఉంచడమే న్యాయమని నమ్మే సాంకేతిక లోకానికి ఇది మింగుడుపడదు. అయితే తెరిచి ఉంచిన దాన్ని దండిగా వాడుకోగలిగేది భారీ కంప్యూటర్లున్న వారే కదా! 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన, మాటను అక్షరాల్లోకి మార్చే విస్పర్ మోడల్ ఇంటర్నెట్ నుంచి సేకరించిన 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ పొందింది. అందులో మావోరీ భాష కూడా ఉంది.

వ్యక్తులు విడివిడిగా ఇచ్చే సమ్మతి ఎందుకు చాలదో అమెరికాలోని హవాసుపాయ్ ఆదివాసీ తెగ అనుభవం చూపింది. 1990లో మధుమేహ పరిశోధన కోసమంటూ అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు సేకరించడం మొదలుపెట్టిన వారి రక్త నమూనాలను తర్వాత స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి, పూర్వీకుల వలసల అధ్యయనాలకూ వాడారు. సంతకాలు చేసింది వ్యక్తులే అయినా, తమ పుట్టుక గురించి తాము నమ్ముతూ వచ్చిన గాథనే ప్రశ్నించే ఫలితాలను భరించాల్సి వచ్చింది తెగ మొత్తం. 2010లో రాజీ కుదిరి, పరిహారంతో పాటు మిగిలిన నమూనాలూ తిరిగి వచ్చాయి.

రక్తాన్ని తిరిగి ఇవ్వవచ్చు. ఏఐ మోడల్ ఒకసారి నేర్చుకున్న దాన్ని అందులోంచి పూర్తిగా తీసేయడం నేటికీ కష్టసాధ్యమే. అందుకే ఆదివాసీల డేటా నిర్వహణపై 2019లో వెలువడిన ‘కేర్’ సూత్రాలు చెప్పే సామూహిక ప్రయోజనం, నియంత్రణాధికారం శిక్షణకు ముందే అమలు కావాలి. సమాజం తరఫున మాట్లాడే అధికారం పెద్దలదా, యువతదా అన్న చిక్కు నిజమే. కానీ అది ఆ సమాజాలు తమలో తాము తేల్చుకోవలసింది. అడగకుండా తీసుకోవడానికి కంపెనీలకు సాకు కాకూడదు.