మణిపూర్ మంటలు మిజోరంలో ఓట్లు ఎందుకు రాల్చలేదు

2023 డిసెంబర్ 3 ఆదివారం మన టీవీలన్నీ తెలంగాణ రిజల్ట్స్‌తో ఊగిపోతుంటే మిజోరంలో కౌంటింగే జరగలేదు. ఆదివారం చర్చికి వెళ్లే రోజు, లెక్కింపు వద్దని అక్కడ పార్టీలు, చర్చిలు అన్నీ ఒకే మాట మీద అడిగితే ఈసీ ఆ ఒక్క రాష్ట్రానికే డేట్ 4కి మార్చింది. సోమవారానికి మనమేమో హైదరాబాద్‌లో సీఎం ఎవరనే గోలలో పడిపోయాం, మిజోరం కాస్తా స్క్రోలింగ్‌లో కలిసిపోయింది.

కానీ అక్కడ జరిగింది చిన్న విషయమేం కాదు. 1987లో రాష్ట్రం అయిన దగ్గర్నుంచి కాంగ్రెస్, లేదంటే ఎంఎన్‌ఎఫ్ (మిజో నేషనల్ ఫ్రంట్), వీళ్లే మార్చి మార్చి ఏలారు. మొదటిసారి మూడో పార్టీ, జెడ్‌పీఎం (జోరం పీపుల్స్ మూవ్‌మెంట్), 40కి 27 సీట్లు కొట్టింది. ఎంఎన్‌ఎఫ్‌కి 10, బీజేపీకి 2, కాంగ్రెస్‌కి 1. అప్పటి సీఎం, ఎంఎన్‌ఎఫ్ నేత జోరంతంగా తన సొంత సీట్లోనే ఓడిపోయారు.

అందరూ అనుకున్నదేంటంటే, 2023 మేలో మణిపూర్‌లో మైతేయిలకీ కుకీ-జోలకీ మధ్య మొదలైన గొడవ ఆయన్ని గట్టెక్కిస్తుందని. అక్కడి కుకీ-జో జనం మిజోలకి రక్తసంబంధీకులే కదా, వేలమంది మిజోరంకి పారిపోయి వచ్చారు. జోరంతంగా జులైలో ఐజ్వాల్‌లో వాళ్ల కోసం జరిగిన ర్యాలీలో స్వయంగా నడిచారు, మోదీతో స్టేజ్ పంచుకోనని ఓపెన్‌గా చెప్పారు, అదే జాతికి చెందిన మయన్మార్ శరణార్థుల బయోమెట్రిక్ తీసుకోమని కేంద్రం అంటే తీసుకోలేదు. ఇంతకన్నా ఏ లీడర్ ఏం చేస్తాడు? అయినా ఓడారు. నా లెక్కలో కారణం సింపుల్, ఆ విషయంలో అక్కడ ఎవరికీ పేచీ లేదు. శరణార్థుల్ని ఆదుకోవాలని జెడ్‌పీఎం కూడా అంది, కాంగ్రెస్ కూడా అంది, చర్చి అయితే చెప్పక్కర్లేదు. అందరిదీ ఒకే మాట అయినప్పుడు ఇంక దాని మీద ఎవరికని ఓటేస్తారు, ఉద్యోగాలు, రోడ్లు, అల్లం రేటు మీదకి వస్తారు. జెడ్‌పీఎం అల్లం, పసుపు, మిర్చి కొంటామని చెప్పింది, అది తగిలింది.

ఇంకోటి, అక్కడి ప్రచారం మనకి అస్సలు అలవాటు లేని టైపు. మిజోరం పీపుల్స్ ఫోరం అని చర్చి పెద్దల అండతో నడిచే సంస్థ ఒకటుంది, ఎలక్షన్‌కి ముందు పార్టీలతో సంతకాలు పెట్టించుకుంటుంది. ఇంటింటికీ తిరగకూడదు, విందులు పెట్టకూడదు. అభ్యర్థులందర్నీ ఒకే వేదిక మీద వరసగా కూర్చోబెట్టి ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడిస్తారు, నిన్నటిదాకా తిట్టుకున్నోళ్లు పక్కపక్క కుర్చీల్లో! మొత్తం ఓటర్లే 8.5 లక్షల చిల్లర, సీటుకి 21 వేలు. ఎవరెలాంటోడో ఊరంతటికీ తెలుసు.

జెడ్‌పీఎం నాయకుడు, గెలిచాక సీఎం అయిన లాల్‌దుహోమా సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు ఇందిరాగాంధీ సెక్యూరిటీలో పనిచేసిన ఐపీఎస్, ఫిరాయింపుల చట్టం కింద దేశంలో మొట్టమొదట పదవి పోయిన ఎంపీ కూడా ఈయనే, 1988లో. 2020లో మళ్లీ అదే చట్టం కింద ఎమ్మెల్యే పదవి పోతే బైఎలక్షన్‌లో గెలిచొచ్చారు. మనిషి మొండి.

అలాగని దీన్ని సునామీ అంటే నేను ఒప్పుకోను. ఓట్లు చూడండి, జెడ్‌పీఎంకి సుమారు 37.9 శాతం, ఎంఎన్‌ఎఫ్‌కి 35.1. కాంగ్రెస్‌కి దాదాపు 21 శాతం వచ్చి కూడా ఒక్కటే సీటు, బీజేపీ 5 శాతంతో రెండు గెలిచింది, ఎందుకంటే దాని ఓట్లు దక్షిణాన ఒకే మూల కుప్పపడ్డాయి. 2018తో పోలిస్తే ఎంఎన్‌ఎఫ్‌కి తగ్గింది రెండున్నర శాతం ఓట్లే, పోయింది మాత్రం 16 సీట్లు. జెడ్‌పీఎం పెరిగింది ఎక్కువగా కాంగ్రెస్ తరిగిపోయిన చోటే. ఆ 21 శాతం కాంగ్రెస్ ఓటు ఇంకా అక్కడే ఉంది, వచ్చేసారి అది ఎటు జారితే అటే తూగుద్ది.