ఇమ్మీడియట్ జాయినర్లు కావలెను

హైదరాబాద్ ఐటీ కంపెనీలు మనుషుల్ని ఉద్యోగంలో చేర్చుకునే తీరును వెక్కిరించేవాళ్లు ఎక్కువయ్యారు. మాదాపూర్‌లో ఏ టీ బండి దగ్గర నిలబడ్డా ఇదే గోల. అందులోని దూరదృష్టి అందకే ఈ మాటలని నా అభిప్రాయం.

ప్రకటనతోనే మొదలుపెడదాం. 'ఇమ్మీడియట్ జాయినర్లు మాత్రమే' అని వేస్తారు. అదే కంపెనీలో పనిచేసేవాడు మానేస్తానంటే మాత్రం 90 రోజుల నోటీసు. ఇందులో తప్పేముంది? పక్క కంపెనీ మనిషి రేపే రావాలి, మన మనిషి మూడు నెలలదాకా కదలకూడదు. అందరూ ఇదే నియమం పెట్టుకుంటే ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. ఇంత స్థిరత్వం ఏ రంగంలో ఉందో చెప్పండి!

నాలుగైదు రౌండ్లు అయ్యాక హెచ్ఆర్ మేడమ్ ఓ ప్రశ్న వేస్తారు: "అయిదేళ్ల తర్వాత మీరు ఎక్కడుంటారనుకుంటున్నారండీ?" ఇది ఊసుపోక అడిగేదని అభ్యర్థులు అనుకుంటారు. కాదు, అది శుద్ధంగా లెక్కల ప్రశ్న. ఆఫర్ లెటర్ రెండో పేజీ చూస్తే తెలుస్తుంది.

ఏడాదికి 6 లక్షలు అనగానే నెలకు 50 వేలని ఇంట్లో చెప్పేసుకుంటే ఆ తొందరపాటుకు కంపెనీ పూచీ లేదు. బేసిక్ 25 వేలు అనుకోండి. వేరియబుల్ పే పేరుతో నెలకు 5 వేలు పక్కన పెడతారు. కంపెనీ, టీము, మేనేజరు మూడ్ మూడూ బాగుంటే ఏడాది చివర్లో ఇస్తారు. పీఎఫ్‌లో కంపెనీ కట్టాల్సిన 12 శాతం, అంటే 3 వేలు, ఆ 50 వేలలోంచే. మీ వాటా ఇంకో 3 వేలు. తెలంగాణ వృత్తి పన్ను 200. చివరికి గ్రాట్యుటీ: బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 1,200. పర్మనెంట్ ఉద్యోగి రాజీనామా చేసి అది అందుకోవాలంటే అయిదేళ్ల సర్వీసు ఉండాలి. కంపెనీ మాత్రం ఇంకా చేరనివాడి జీతంలో మొదటి నెల నుంచే దాన్ని చూపిస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఇన్సూరెన్స్ ప్రీమియం సంగతి వదిలేసినా, చేతికొచ్చేది 37,600.

ఇక డాక్యుమెంట్లు. పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాణ్ని కూడా పదో తరగతి మెమో అడుగుతారు. అది కాగితాలు చూసే వెరిఫికేషన్ సంస్థవారి శ్రద్ధ. ఆ సంస్థ పేరు మనం ఎప్పుడూ విని ఉండం. దాని నుంచి మన సొంత మెయిల్‌కు ఓ లింకు వస్తుంది: ఆధార్, పాన్, బ్యాంకు వివరాలన్నీ 24 గంటల్లో నింపాలి, లేకపోతే జాయినింగ్ ఆగిపోతుంది. భయపడి నింపుతాం. చేరిన రోజు మధ్యాహ్నం సెక్యూరిటీ ట్రైనింగ్‌లో మొదటి పాఠం: 'తొందరపెట్టే మెయిళ్లలోని తెలియని లింకుల్లో మీ వివరాలు ఇవ్వకండి.' చివర క్విజ్‌లో ఇదే అడుగుతారు. సరైన జవాబు రాసినవాడు, దాని ప్రకారం నడుచుకుని ఉంటే, ఆ కుర్చీలో ఉండేవాడే కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది లాప్‌టాప్ వ్యవహారం. నెలల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న మనిషి వచ్చాడని ఐటీ విభాగానికి చెప్పేవాళ్లు ఉండరు. "టికెట్ రెయిజ్ చెయ్యండి బ్రదర్" అంటారు. టికెట్ అంటే ఆన్‌లైన్‌లో పెట్టుకునే అర్జీ. దానికి లాగిన్ కావాలి. లాగిన్‌కు లాప్‌టాప్ కావాలి. ఈలోగా లోగో ఉన్న వాటర్ బాటిల్, 'మీ రాకతో మా కుటుంబం పెరిగింది' అన్న కార్డు మాత్రం ఠంచనుగా అందుతాయి. ఆ బాటిల్‌తో ఫొటో తీసి లింక్డిన్‌లో పెట్టడమే మొదటి వారం పని. లైకులు బాగానే వస్తాయి.

దారి చూపడానికి ఓ 'బడ్డీ'ని కూడా ఇస్తారు. బాగా పనిచేసేవాళ్లకు తీరిక ఉండదు కాబట్టి, నోటీసులో ఉన్నవాడే బడ్డీ అవుతాడు. పాపం మంచివాడు, దేనికీ విసుక్కోడు. కేఫెటేరియాలో ఏ కౌంటర్ దగ్గర దోసె బాగుంటుందో చెప్తాడు, ఏ మేనేజరు మీటింగుకు వెళ్లకూడదో చెప్తాడు, హెచ్ఆర్ పోర్టల్‌లో 'రిజైన్' బటన్ ఎక్కడ దాచారో కూడా చూపిస్తాడు. దాన్ని నొక్కాలన్నా లాగిన్ కావాలట.