నడుస్తున్న డేటాబేస్‌ను ముట్టుకోవాలా, వద్దా?

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీకాయల వేలం ముగిశాక మండీల్లో రైతులకు తక్‌పట్టీలు (అమ్మకం లెక్క చీటీలు) ముద్రించి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఊళ్ళోని ఒక చిన్న సంస్థ నడుపుతోందనుకుందాం. దాని వెనుక పనిచేస్తున్నది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రాము 12వ వెర్షన్. ఆ వెర్షన్ 2019 అక్టోబరులో వచ్చింది. ప్రతి పెద్ద వెర్షన్‌కూ ఐదేళ్ళపాటు సవరణలు ఇచ్చి ఆపివేయడం ఆ ప్రాజెక్టు నియమం కాబట్టి 2024 నవంబరు 21న విడుదలైన 12.22తో దాని గడువు తీరిపోయింది. 2025 సెప్టెంబరులో 18 కూడా వచ్చేసింది. మారుదామంటుంది డీబీఏ (డేటాబేస్ నిర్వహణ చూసే ఉద్యోగిని), వద్దంటాడు యజమాని. నేను డీబీఏ పక్షమని ముందే చెబుతున్నాను. అయినా యజమాని వాదనలో బరువున్న మాటలను తేలిక చేసి రాయలేదు.

యజమాని: చెల్లెమ్మా, ఇన్నేళ్ళుగా ఒక్కరోజు కూడా మొరాయించని డేటాబేస్ అది. నీళ్ళు పడుతున్న బోరులోంచి మోటారును ఎవరైనా ఊరికే పైకి లాగుతారా? లాగితే మళ్ళీ దిగుతుందో లేదో, దిగినా నీళ్ళు పడతాయో లేదో ఈ జిల్లాలో ఏ రైతునడిగినా చెబుతాడు.

డీబీఏ: మోటారు లాగే మాట తర్వాత చూద్దామన్నా, ముందు స్టార్టరు పెట్టె తెరిచి చూద్దాం. సర్వర్లో వెర్షన్ అడిగితే 12.4 అని వచ్చింది. అది 2020 ఆగస్టులో విడుదలైనది. అంటే మనం 13కో 14కో వెళ్ళకపోవడం అటుంచి, 12లోనే ఆ తర్వాత వచ్చిన పద్దెనిమిది చిన్న విడుదలలను వదిలేశాం. ఈ రెండింటినీ మీరు ఒకే గాటన కడుతున్నారు. చిన్న విడుదలలో డేటా ఫైళ్ళ రూపం మారదు; సర్వర్ ఆపి, కొత్త ప్రోగ్రాము ఫైళ్ళు పెట్టి, మళ్ళీ నడిపిస్తే సరిపోతుంది. ఫలానా ఇండెక్సు (త్వరగా వెతికేందుకు డేటాబేస్ కట్టుకునే సూచిక) మళ్ళీ కట్టుకోవాలన్న సూచన ఎప్పుడైనా ఉంటే విడుదల నోట్సులోనే రాస్తారు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో రెండో గురువారం ఇవి వస్తాయని ఏడాది ముందే క్యాలెండరు వేసి చెబుతున్నప్పుడు, ఆ రోజులను గోడమీద రాసుకోకపోవడాన్ని జాగ్రత్త అనలేం.

యజమాని: ఆ క్యాలెండరు సంగతి నేనూ చూశానమ్మా. 2024 నవంబరు 14న 17.1 ఇచ్చారు. లోపల ఒక స్ట్రక్చరు (కోడ్‌లో డేటాను అమర్చే చట్రం) పరిమాణం మార్చినందువల్ల, పాత ఫైళ్ళతో కట్టిన ఎక్స్‌టెన్షన్లు (డేటాబేస్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాములు) కొన్ని దెబ్బతింటాయని తేలింది. టైమ్‌స్కేల్ అనే ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్ళు హడలిపోయారు. వారం తిరగకుండా 21న 17.2 ఇచ్చారు. పోనీ పాఠం నేర్చుకున్నారా? 2025 ఫిబ్రవరి 13న 17.3 ఇచ్చి, అందులోని సవరణే ఇంకోచోట ఇబ్బంది పెట్టిందని 20న 17.4 ఇచ్చారు. అంతకుముందు 14లో, సర్వర్ ఆపకుండా ఇండెక్సు కట్టుకునే పద్ధతి ఆ ఇండెక్సునే పాడుచేస్తోందని 2022 జూన్‌లో 14.4ను క్యాలెండరుతో పనిలేకుండా విడుదల చేయవలసి వచ్చింది. నువ్వు చెప్పినట్టు రెండో గురువారం రాత్రే కూర్చుని అన్నీ ఎక్కించినవాళ్ళ గతి ఏమైంది? మా మండీల్లో పొద్దున తక్‌పట్టీ రాకపోతే రైతు లారీ దగ్గరే నిలబడిపోతాడు. ఆయనకు స్ట్రక్చరు పరిమాణం గురించి నువ్వు చెబుతావా, నేను చెప్పాలా?

డీబీఏ: మీరు చెప్పినవన్నీ నిజమే. అందుకే రెండో గురువారం రాత్రి వద్దు, పది రోజులు ఆగి చేద్దామంటాను. మొదట ఖాళీ యంత్రంలో కాపీ మీద ఎక్కించి, ఒక రోజు తక్‌పట్టీలు తీసి చూశాకే అసలు సర్వర్ ముట్టుకుందాం. కానీ పది రోజులు ఆగడం వేరు, ఐదేళ్ళు ఆగడం వేరన్నా. మీరు తప్పుపట్టిన ఆ నవంబరు విడుదలలోనే, పీఎల్‌పెర్ల్ (డేటాబేస్ లోపల పెర్ల్ భాషలో కోడ్ రాసే సౌకర్యం) ద్వారా మామూలు వాడుకరి సర్వర్ పర్యావరణ వేరియబుల్స్‌ను (ప్రోగ్రాములు చదువుకునే సెట్టింగులను) మార్చగలిగే లోపానికి సవరణ ఉంది. దాని తీవ్రతకు 10కి 8.8 వేశారు. మనం పీఎల్‌పెర్ల్ వాడం కాబట్టి అది మనకు తగలదు, ఒప్పుకుంటాను. ఫిబ్రవరిది మాత్రం తగులుతుంది. బయటినుంచి వచ్చిన పేరులో చెల్లని అక్షర సంకేతాలు ఉంటే, కొటేషన్లతో కట్టడి చేసే ఫంక్షన్లు వాటిని పట్టుకోలేక, ఆ పేరు డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే ప్రోగ్రాము పీఎస్‌క్యూఎల్‌కు చేరాక ఆదేశంగా మారిపోయే లోపమది. రాత్రిపూట రైతులకు ఎస్సెమ్మెస్‌లు పంపే మన స్క్రిప్టు సరిగ్గా అదే పని చేస్తోంది. రైతు పేరును వాక్యంలో పెట్టి పీఎస్‌క్యూఎల్‌కు అందిస్తోంది. ఆ లోపానికి 13 నుంచి 17 దాకా అన్ని వెర్షన్లకూ సవరణ వచ్చింది. 12కు రాలేదు, ఇక రాదు. 2025 నవంబరుతో 13 గడువు కూడా తీరింది.

యజమాని: స్క్రిప్టు దిద్దుకుందాం. సర్వర్ గది తాళం నా జేబులోనే ఉంటుంది, బయటివాడు ఎటునుంచి వస్తాడు?

డీబీఏ: తాళం గదికి ఉంది, నెట్‌వర్కు నుంచి డేటాబేస్‌లోకి వచ్చే 5432 పోర్టుకు లేదు. కడపలో పసుపు కొనే షాపువాళ్ళకు లెక్కలు కనబడాలని మీరు అడిగితే, నాకు ముందు పనిచేసినవాళ్ళు లిజన్ అడ్రసెస్ అనే సెట్టింగు దగ్గర, అన్ని నెట్‌వర్కు చిరునామాల్లోనూ వినమని నక్షత్రం గుర్తు పెట్టి, ఎవరు ఎక్కడినుంచి రావచ్చో చెప్పే పీజీ హెచ్‌బీఏ ఫైలులో ఏ చిరునామా నుంచైనా రావచ్చని ఒక వరుస రాసి వెళ్ళారు. ఆ వరుస చివర ట్రస్ట్ అని ఉంది. అంటే పాస్‌వర్డు కూడా అడగదు. నిన్ననే దాన్ని కడప షాపు చిరునామాకు పరిమితం చేసి, స్క్రామ్ అనే పాస్‌వర్డు తనిఖీ పద్ధతి పెట్టి, పాస్‌వర్డులు కొత్తగా ఇచ్చాను. వరుస మార్చాక రీలోడ్ (సెట్టింగులు మళ్ళీ చదువుకొమ్మనే ఆదేశం) ఇస్తే చాలు, సర్వర్ ఆపనక్కరలేదు.

యజమాని: అది మంచి పని చేశావు. అయినా అసలు బాధ వేరే ఉంది. డబ్బిచ్చి కొన్న డేటాబేస్ అయితే ఫోను చేసి కడిగేయడానికి ఒక కంపెనీ ఉంటుంది. దీనికి ఎవరున్నారు?

డీబీఏ: కంపెనీ ఉండటం ఎప్పుడూ మేలేనని ఎందుకనుకుంటారు? మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌ను 2008లో సన్ కంపెనీ కొంది, 2010లో సన్‌నే ఒరాకిల్ కొంది. దాన్ని పుట్టించిన మాంటీ విడేనియస్ ఈలోగా బయటికి వచ్చి దాని కోడ్‌తోనే మరియాడీబీ అనే వేరే డేటాబేస్ మొదలుపెట్టాడు. వాడేవాళ్ళు ఇటా అటా అని తేల్చుకోవలసి వచ్చింది. పోస్ట్‌గ్రెస్ 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో మొదలైంది. 1996లో ఇప్పటి పేరు వచ్చినప్పటినుంచీ దానికి యజమాని అంటూ లేడు, కొనడానికి ఎవరికీ వీలుపడదు. ప్రాజెక్టును నడిపించే కోర్ టీములో సగానికి మించి ఒకే కంపెనీవాళ్ళు ఉండకూడదన్న పద్ధతి ఉంది. 2020లో పోస్ట్‌గ్రెస్ సేవలందించే ఎంటర్‌ప్రైజ్‌డీబీ, అలాంటిదే మరో కంపెనీ సెకండ్‌క్వాడ్రంట్‌ను కొన్నప్పుడు ఆ లెక్క తప్పితే, వేరే సంస్థలవాళ్ళు ఇద్దరిని చేర్చుకుని సరిచేసుకున్నారు.

యజమాని: ఆ ఇద్దరూ మన మండీ ఫోను ఎత్తుతారా?

డీబీఏ: ఎత్తరు. డబ్బు తీసుకుని ఎత్తే కంపెనీలు చాలా ఉన్నాయి. లేదా నేనున్నాను.

యజమాని: నువ్వు రేపు బెంగళూరు వెళ్ళిపోతే?

డీబీఏ: వెళ్ళనని మాట ఇవ్వలేను. చేసిన ప్రతి పనీ పుస్తకంలో తెలుగులోనే రాసి పెడతాను. నా తర్వాత వచ్చేవాళ్ళకు 12.4ను అప్పగించడంకంటే 18ని అప్పగించడం తేలికని మాత్రం చెప్పగలను.

యజమాని: సరే, విషయానికి వద్దాం. రోజూ రాత్రి బ్యాకప్ పెన్‌డ్రైవులోకి పోతోంది. ఏమైనా అయితే అదుంది.

డీబీఏ: దాన్ని ఎప్పుడైనా తిరిగి పోసి చూశారా? 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశాడు. బ్యాకప్ చూస్తే దాన్ని తీసే ప్రోగ్రాము పీజీ డంప్ చాలాకాలంగా విఫలమవుతోంది. విఫలమైందని పంపిన ఈమెయిళ్ళు కూడా ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఆ కథంతా వాళ్ళే బయటపెట్టారు.

యజమాని: ఆ డంప్ ఎందుకు విఫలమైందో కూడా చెప్పమ్మా. డేటాబేస్ 9.6కు మారింది, డంప్ చేసే ప్రోగ్రాము 9.2లోనే ఉండిపోయింది. అంటే వెర్షన్ మార్చినందుకే బ్యాకప్ ఆగింది! నా పక్షాన ఇంతకన్నా మంచి సాక్ష్యం నేనూ తేలేను. మన ఊళ్ళోనే ఒక ఆఫీసులో కొత్త యంత్రానికి మారాక రైతు పేరు వెతికితే లేదంటుంది, జాబితా కిందికి జరిపితే కనబడుతుంది. అలా ఒకే రైతుకు రెండు ఖాతాలు పడ్డాయి.

డీబీఏ: గిట్‌ల్యాబ్ మాట మీదే గెలుపు; సగం మార్చి సగం వదిలేస్తే అలాగే ఉంటుంది. కాబట్టి సర్వర్‌తోపాటు బ్యాకప్ ప్రోగ్రామునూ మార్చి, నెలకొకసారి వేరే యంత్రంలో పోసి లెక్క సరిచూద్దాం. ఆ ఆఫీసులో జరిగింది మాత్రం డేటాబేస్ వెర్షన్ మార్చడంవల్ల కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడంవల్ల. 2018లో లినక్స్‌లోని గ్లిబ్‌సీ అనే లైబ్రరీ 2.28 వచ్చినప్పుడు అక్షరాల వరుసక్రమ నియమాలు మారాయి. పాత క్రమంలో కట్టిన ఇండెక్సు ఫైళ్ళను అలాగే తెచ్చి కొత్త సిస్టమ్‌లో పెడితే, వెతుకులాట కొత్త క్రమంలో సాగి ఉన్న పేరును దాటిపోతుంది. టెక్స్ట్ కాలమ్‌ల మీది ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేసి (మళ్ళీ కట్టి) ఉంటే సరిపోయేది. మనదీ అంతకుముందరి ఆపరేటింగ్ సిస్టమ్ సెంటోస్ 7 కాబట్టి, యంత్రం మార్చేటప్పుడు ఫైళ్ళు కాపీ చేయకుండా డంప్ తీసి కొత్తచోట పోద్దాం. ఇండెక్సులు వాటంతట అవే కొత్తగా కట్టుకుంటాయి.

యజమాని: ఉన్న యంత్రంలోనే చేస్తే?

డీబీఏ: అప్పుడు వెర్షన్ మార్చే ప్రోగ్రాము పీజీ అప్‌గ్రేడ్ వాడాలి. ముందు చెక్ ఆప్షన్‌తో నడిపితే ఏమీ మార్చకుండానే అడ్డంకులు చెబుతుంది. 18లో కొత్త క్లస్టరుకు (డేటాబేస్ ఫైళ్ళన్నీ ఉండే డైరెక్టరీ) చెక్‌సమ్‌లు (ఫైళ్ళు చెడాయేమో పట్టించే తనిఖీ సంఖ్యలు) ముందే ఆన్ అయి ఉంటాయి, మన 12లో ఆఫ్‌లో ఉన్నాయి. ఆ తేడా ఉంటే అప్‌గ్రేడ్ ఒప్పుకోదు. పాత సర్వర్ ఆపి పీజీ చెక్‌సమ్స్‌తో ఇక్కడే ఆన్ చేసుకుంటే ఆ తగాదా ఉండదు. 17 దాకా అప్‌గ్రేడ్ అయ్యాక క్వెరీలకు దారి చూపే గణాంకాలు పోయి, వాటిని మళ్ళీ సేకరించే అనలైజ్ పూర్తయ్యేదాకా క్వెరీలు నత్తనడక నడిచేవి. 18లో వాటిలో చాలావరకు వెంట వస్తాయి. వేలం తెల్లారితే పెట్టుకునే మనకు అదే పెద్ద లాభం.

యజమాని: పద్దెనిమిది ఇంకా పసిది, నేను పదిహేడుకే ఒప్పుకుంటాను. పాత ఫోల్డరు నెలరోజులు చెక్కుచెదరకుండా ఉండాలి.

డీబీఏ: అలాగైతే పాత ఫైళ్ళనే పంచుకునే లింక్ పద్ధతి పనికిరాదు, అందులో కొత్త సర్వర్ ఒకసారి నడిచాక పాతది వాడలేం. కాపీ పద్ధతే చేయాలి, దానికి ఇప్పుడున్న డిస్కు చాలదు.

యజమాని: డిస్కు రేపు తెప్పిస్తాను. పదిహేడా పద్దెనిమిదా అన్నది, నువ్వు రెండూ ఖాళీ యంత్రంలో ఎక్కించి తక్‌పట్టీలు తీసి చూపించాక మాట్లాడుకుందాం.