నోటీసు బ్యాంకు పంపదు, మహాప్రభో

ఈ నెలలో ఇది అయిదోసారి. ముందు మా తోడల్లుడు, తర్వాత మా ఒడిశా పర్లాకిమిడి వర్తకుల గ్రూపులో ముగ్గురు, నిన్న మా మేనల్లుడు. అందరిదీ అదే ఫార్వర్డు: "చెక్కు ఖాతాలో వేశాక డబ్బు పూచీ బ్యాంకుదే. బౌన్సయితే బ్యాంకే నోటీసిచ్చి వసూలు చేస్తుంది. ఆంధ్రా పార్టీ అయితే కేసు ఆంధ్రాలోనే. నల్ల ఇంకుతో రాస్తే చెల్లదు. చెక్కు దారిలో పోతే బాధ్యత బ్యాంకుది."

ఇంకు సంగతి ఒక్క ముక్కలో: రిజర్వు బ్యాంకు ఏ రంగూ పెట్టలేదు.

డబ్బు పూచీ మాటకొస్తే, చెక్కు వేసినప్పుడు బ్యాంకు మన వసూలు ఏజెంటు మాత్రమే. సొమ్ము వసూలై ఖాతాలో పడ్డాకే మనకు బాకీదారు అవుతుంది. బాకీకి గుమస్తాని పంపితే, అవతలివాడు చేతులెత్తేశాడని గుమస్తా తన జేబులోంచి తీసిస్తాడా? ముందే జమ చూపించినా సరే, చెక్కు తిరిగొస్తే ఆ జమ కొట్టేస్తారు.

కొంప ముంచేది నోటీసు ముక్క. బ్యాంకు మన చేతికిచ్చేది అరచేతంత రిటర్న్ మెమో, అంటే చెక్కు ఎందుకు తిరిగొచ్చిందో రాసిన చీటీ. అది అందిన 30 రోజుల్లో చెక్కిచ్చినవాడికి నోటీసు పంపాల్సింది మనం. నోటీసు చేతికందిన రోజు నుంచి వాడికి 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ (చెక్కుల) చట్టం 138 సెక్షను కింద కేసు వేయాలి. కేసు వేయడం ఆలస్యమైతే కోర్టు మన్నించొచ్చు, నోటీసుకు ఆ వెసులుబాటు లేదు. మా వీధిలో చింతపండు వ్యాపారి ఒకాయన మెమోని ఖాతాపుస్తకంలో మడిచి పెట్టుకుని బ్యాంకు నోటీసు కోసం ఎదురుచూశాడు. నాకు చూపించేసరికి 41 రోజులు. చెక్కు తారీకుకి మూడు నెలలు నిండకపోతే మళ్లీ వేయొచ్చు, మళ్లీ తిరిగొస్తే గడువు కొత్తగా మొదలవుతుంది. 2012లో సుప్రీంకోర్టు చెప్పిన మాటే. పాపం, ఆయన చెక్కుకి ఆ మూడు నెలలూ అయిపోయాయి. ఇక సివిల్ దావాయే దిక్కు. లాయరు ఫీజు ఫార్వర్డు చేసినవాళ్లు తలాకాస్త వేసుకుంటారేమో, గ్రూపులో అడిగి చూడాలి.

కేసు ఆంధ్రాలోనే అన్నది ఒకప్పుడు నిజమే, ఒప్పుకుంటాను. చెక్కు ఎవరి బ్యాంకుదో ఆ ఊళ్లోనే కేసని 2014లో సుప్రీంకోర్టు అంది. 2015లో చట్టమే మార్చారు. ఆంధ్రాలోని పాతపట్నం పార్టీ ఇచ్చిన చెక్కుని మీ పర్లాకిమిడి ఖాతాలో వేస్తే కేసు పర్లాకిమిడిలోనే.

ఇక చివరిది. కలెక్షన్‌కి వేసిన చెక్కు పోతే బాధ్యత నిజంగానే బ్యాంకుది, ఖాతాదారుది కాదు. అంటే చెక్కు మొత్తం తెచ్చి చేతిలో పెడతారని కాదు. వెంటనే మనకు చెప్పాలి, డూప్లికేటు తెచ్చుకునే ఖర్చూ, ఆలస్యానికి వడ్డీ ఇవ్వాలి. ఇదొక్కటీ కౌంటర్లో అడిగినవాడిని మాత్రం నేనింతవరకూ చూడలేదు.