సిగ్నల్ గారికి క్షమాపణలతో

అనంతపురం

మహారాజశ్రీ సిగ్నల్ గారికి నమస్కరించి రాయునది.

మేము ఇక్కడ క్షేమం. మా విమానాలే క్షేమంగా లేవు. దానికి కారణం మీరేనని ఇన్నేళ్లుగా ఊరంతా చాటుతున్నాం. ఒకసారి మీ చెవిన కూడా వేయడం మర్యాద అనిపించి ఈ ఉత్తరం.

ఆదివారం తెల్లవారగానే ఏడెనిమిది మందిమి ఊరి బయట, వేరుశనగ పీకేసిన చేనికి చేరి రిమోట్ విమానాలు ఎగరేస్తాం. రిమోట్ నుంచి విమానానికి మా మాట మోసేది మీరే. ఎగిరితే మా ఘనత, పడితే మీ తప్పు. ఈ ఒప్పందం ఎక్కడా రాసుకోలేదు గానీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం. నా దస్తూరి బాగుంటుందని ప్రమాదాల నోట్‌బుక్ నాకు అప్పగించారు. అందులో ‘కారణం’ అనే గడి నిండా మీ పేరే.

మీ పెద్దల మీద నింద వేస్తే అర్థముంది. పాత మెగాహెర్ట్జ్ రిమోట్ల కాలంలో ఇద్దరు ఒకే ఛానెల్‌లో రిమోట్ ఆన్ చేస్తే ఒకరి విమానాన్ని మరొకరు కూల్చేవారు. అందుకే ఛానెల్ నంబరు ఉన్న పిన్ను తీసుకున్నవాడే రిమోట్ ముట్టాలని క్లబ్బుల్లో కట్టడి ఉండేది. మీరు 2.4 గిగాహెర్ట్జ్ వారు. విమానంలో మిమ్మల్ని అందుకునే రిసీవర్‌ను రిమోట్‌తో ఒకసారి జత చేస్తే పక్కవాడి మాట దాని చెవికెక్కదు. అంత పతివ్రతకు మేం రంకు కడుతున్నాం.

బ్యాటరీ అడుగంటగానే అది పాడైపోకుండా మోటారు ఆగిపోతుంది. రిసీవర్‌కు మాత్రం ఇంకా కరెంటు అందుతుంది, రెక్కలు మన మాట వింటూనే ఉంటాయి. ముక్కు కాస్త దించి నింపాదిగా దిగవచ్చు. మా వాళ్లు కంగారులో ముక్కు పైకి లాగుతారు. వేగం చచ్చి, విమానం రాయిలా పడుతుంది. నోట్‌బుక్‌లో: సిగ్నల్. ఆషాఢంలో ఒకరు ‘గాలి పెద్దగా లేదు’ అంటూ ఎగరేశారు. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలికి ఒకటిన్నర కిలోల బొమ్మ ఒక లెక్కా? సర్కారు తుమ్మలో తేలింది. సిగ్నలే.

ఎగరేసే ముందు రిమోట్ శక్తి తగ్గించి, ముప్పై అంగలు నడిచి, మీరు అందుతున్నారో లేదో చూడమంటారు. మేం చాయ్ బండి దాకా నడుస్తాం, అది పరీక్ష కిందికి రాదు. మీరు నిజంగానే తెగిపోతే మోటారు ఆపేయడానికి ఫెయిల్‌సేఫ్ అనే ఏర్పాటు ఉంది. దాన్ని సరిచూసుకున్నవారు చేతులెత్తమంటే ఆ చేలో దిష్టిబొమ్మ ఒక్కటే ఎత్తుతుంది. ప్రభుత్వ నియమాలను మాత్రం తూచా తప్పం. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటకూడదు. అంత ఎత్తుకు పోయేదాకా మా విమానాలు బతకవు.

ఇక అసలు సంగతి. మొన్నటి ఆదివారం నాది. శనివారం రాత్రి రెక్క అంచు పలకలను కదిపే చిన్న మోటార్లు, అదే సర్వోలు, విప్పి బిగించాను. పొద్దున విమానం వెనక నిలబడి, రిమోట్ మీది కర్ర కుడికి తోస్తే కుడి ఐలరాన్, అంటే కుడి రెక్క అంచు పలక, పైకి లేస్తోందో లేదో చూడాలి. పది సెకన్ల పని. చూడలేదు. నేల విడవగానే కాస్త ఎడమకు ఒరిగింది. కుడికి తోశాను. ఇంకా ఒరిగింది. ఇంకా తోశాను. గట్టు మీద గొర్రెలు కాసే పెద్దాయన తలపాగా కొస రెపరెపలాడింది. విమానం అవతలి సాళ్లలో దిగబడింది.

అందరం పరుగెత్తాం. విమానం దగ్గరికి. తర్వాత ఎవరికో పెద్దాయన గుర్తొచ్చాడు.

‘సిగ్నల్ పోయింది’ అన్నాను, ఎవరూ అడగకముందే. మా వాళ్లు సానుభూతిగా తలలూపారు. పెద్దాయన చెదిరిన గొర్రెలను అదిలించుకుంటూ అడిగాడు: ‘ఆ సిగ్నల్ అనే ఆయన ఎవరు సార్? ఈరోజు రాలేదా?’

రాత్రి లెక్క వేశాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఒకటిన్నర కిలోల విమానం తగిలితే, నాలుగంతస్తుల మేడ మీది నుంచి అంతే బరువున్న రాయి పడ్డట్టే. ముందు తిరిగే ప్రొపెల్లర్ సంగతి లెక్కలో కలపలేదు. ఆ తర్వాత ప్రొపెల్లర్ ఊడదీసి బ్యాటరీ పెట్టి, కర్రను కుడికి తోశాను. కుడి ఐలరాన్ బుద్ధిగా కిందికి దిగింది. మట్టి కొట్టుకుపోయిన రిసీవర్‌లోంచి కూడా మీరు నా మాట అక్షరం పొల్లుపోకుండా చేరవేస్తూనే ఉన్నారు. మాటే తలకిందులు.

నోట్‌బుక్ తీశాను. పెద్దాయన తలపాగా గురించి రాయడానికి గడి లేదు. విరిగిన వాటికే గడులున్నాయి, తగలకుండా పోయిన వాటికి లేవు. అంచున ఇరికించి రాశాను. ‘కారణం’ గడిలో అలవాటు కొద్దీ అప్పటికే వేసిన మీ పేరు కొట్టేసి నా పేరు రాశాను.

పెన్సిల్‌తోనే అనుకోండి.

ఇట్లు,
తమ అపరాధి