అడుగులు వాషింగ్ మెషిన్‌వి, పేరు నాది

జనవరి 9 ఉదయం నేను 11,260 అడుగులు నడిచానని మా కుటుంబం గ్రూపులో వార్త వచ్చేసరికి నేనింకా దుప్పట్లోంచి బయటికి రాలేదు. లేచి ఫోన్ చూసుకుంటే చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు, వాటి కింద మా అత్తగారి ఆశీస్సులు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అత్తవారి వైపు నుంచి నాకింత గౌరవం దక్కడం అదే మొదటిసారి. అందుకే వెంటనే నిజం చెప్పడానికి నోరు రాలేదు.

దీని పుట్టుపూర్వోత్తరాలు జనవరి 1న ఉన్నాయి.

నాది ఆరంభశూరత్వం. సాక్ష్యాలు ఇల్లంతా ఉన్నాయి. అటు మొన్నటి ఏడాది కొన్న డంబెల్స్‌లో ఒకటి గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డంగా ఉంటోంది. రెండోది ఎక్కడుందో నాకు తెలియదు గానీ, చీకట్లో నా కాలి బొటనవేలికి బాగా తెలుసు. పోయినేడు తెచ్చిన స్కిప్పింగ్ తాడు మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. కాబట్టి ఈసారి పైసా ఖర్చు లేకుండా ఒంటితోనే సాధించాలని పంతం పట్టి, జనవరి 1 పొద్దున్నే హాల్లో నిలబడి వంద స్క్వాట్స్ చేశాను.

స్క్వాట్స్ అంటే ఏదో కొత్త విద్య అనుకునేరు. బళ్లో హోంవర్కు చెయ్యనందుకు తీసిన గుంజీళ్లే, చెవులు వదిలేస్తే చాలు. అసలు శిక్షలకీ వ్యాయామానికీ పాత చుట్టరికమే ఉంది. ఇప్పుడు మనం ముచ్చటపడి ఎక్కే ట్రెడ్‌మిల్‌కి తాతలాంటి చక్రాన్ని 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు ఇంగ్లండ్ జైళ్లలో ఖైదీల చేత తొక్కించడానికి తయారుచేశాడు. కొన్ని దశాబ్దాల తర్వాత ఇది మరీ అన్యాయమని అక్కడ మాన్పించారు. ఖైదీలకి విముక్తి దొరికింది, మనం దొరికిపోయాం.

వంద పూర్తి చేసినరోజు ఏమీ కాలేదు. మర్నాడు తొడలు కాస్త బిగుసుకున్నాయంతే. "చూశావా, ఇంకా కుర్రాణ్ణే" అని మా ఆవిడతో గొప్పలు కూడా పోయాను. మూడో తారీఖున మాత్రం బాత్రూంలోకి వెళ్లి కూర్చోబోతే, సగం దూరం వరకే నా కాళ్లు నా మాట విన్నాయి. మిగతా సగం భూమ్యాకర్షణ చూసుకుంది. లేవడానికి ఒక చేత్తో కుళాయి, ఇంకో చేత్తో తువ్వాళ్ల కమ్మీ పట్టుకున్నాను. కుళాయి తిరిగింది, కమ్మీ ఊడింది.

మెట్లు ఎక్కడం పర్లేదు గానీ, దిగడమే నరకం. రెండు రోజులు వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని, నిచ్చెన దిగినట్టు దిగాను. కింది వాటాలో ఉండే పెద్దాయన చూసి "ఏమైనా మర్చిపోయారా?" అన్నారు. "అవునండీ, వయసు" అన్నాను. ఒంట్లో లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోవడం వల్లే ఈ నొప్పి అని అందరూ అంటారు గానీ, ఆ ఆసిడ్ గంటా రెండు గంటల్లోనే సర్దుకుంటుందట. అలవాటు లేని కండరం సాగుతూ బరువు ఆపాల్సి వచ్చినప్పుడు దాని పోగులు సన్నసన్నగా దెబ్బతింటాయి. ఆ నొప్పి మర్నాటి నుంచి మూడో రోజు లోపల ముదురుతుంది. మెట్టు దిగడం అంటే మళ్లీ అదే పని, తొడ కండరం సాగుతూ మన బరువంతా ఆపడం. పదితో మొదలుపెట్టి ఉంటే ఈ జ్ఞానం నాకు అక్కర్లేకపోయేది.

ఈ అవస్థ చూడలేక మా అమ్మాయి చేతికి పెట్టుకునే బ్యాండ్ ఒకటి తెచ్చిచ్చింది. "గుంజీళ్లు వద్దు నాన్నా, హాయిగా నడువు, ఇది లెక్కపెడుతుంది" అంది. అక్కడితో ఆగితే బాగుండేది. మా బావమరిది ఆ సంగతి విని గ్రూపులో పోటీ పెట్టాడు. ఇంట్లో వాళ్లందరి అడుగులూ రోజూ పొద్దున్నా రాత్రీ వాటంతటవే గ్రూపులో పడతాయి, లక్ష్యం పదివేలు. "21 రోజులు ఓపిక పట్టండి బావగారూ, ఆ తర్వాత అదే అలవాటైపోతుంది" అని ధైర్యం కూడా చెప్పాడు.

మొదటి రోజు నా లెక్క 2,140. వాడిది 12,600. రెండో రోజు 1,980. మూడో రోజు రాత్రి పదకొండున్నరకి చూసుకుంటే ఇంకా ఏడు వేల చిల్లర బాకీ. బ్యాండుకి కాళ్ల సంగతేం తెలుసు, దానికి తెలిసింది చెయ్యి ఊగడమే. మంచం పక్కన నిలబడి చెయ్యి ఊపడం మొదలుపెట్టాను. నాలుగొందలు దాటేసరికి మా ఆవిడకి మెలకువ వచ్చింది.

"ఎవరికి టాటా చెబుతున్నారండీ?"

"ఎవరికీ లేదు, నువ్వు పడుకో."

"ఎవరికీ లేకపోతే ఆ చెయ్యి దించి మీరూ పడుకోండి."

జనవరి 8 రాత్రి పట్టీ కింద దురద పెడుతోందని బ్యాండ్ తీసి ట్రాక్ ప్యాంటు జేబులో పడేశాను. ప్యాంటు విప్పి బట్టల బుట్టలో పడేశాను. తెల్లవారుజామున మా ఆవిడ బుట్ట ఎత్తి మెషిన్‌లో వేసింది. బ్యాండుకి నీళ్ల భయం లేదు, యాభై మీటర్ల లోతు దాకా ఢోకా లేదని పెట్టె మీదే రాశారు. డ్రమ్ము ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు తిరుగుతుంటే, పాపం అది తన యజమాని నిష్ఠగా నడుస్తున్నాడనే నమ్మింది. నానబెట్టినప్పుడు విశ్రాంతి, జాడించినప్పుడు నడక, చివర్లో పిండేటప్పుడు పరుగు. ఆరింటికల్లా 11,260.

నిజం పట్టుకుంది మా అమ్మాయి ఒక్కతే. ఫోన్ పట్టుకొచ్చి మంచం పక్కన కూర్చుంది. "నాన్నా, 52 నిమిషాల్లో ఇన్ని అడుగులంటే నిమిషానికి 216. చురుగ్గా నడిచేవాళ్లు కూడా వందా నూటపది దగ్గర ఉంటారు. పైగా ఆ 52 నిమిషాలూ నీ గుండె కొట్టుకోలేదు."

ప్యాంటు కోసం బాల్కనీలోకి పరిగెత్తాను. దండెం మీద జేబు బరువుగా వేలాడుతోంది. లోపల బ్యాండ్ తళతళా మెరుస్తూ "అభినందనలు" అంటోంది.

గ్రూపులో సంగతి చెప్పేద్దామనే టైప్ చేస్తున్నాను. ఈలోగా మా మామగారి ఫోన్. "అల్లుడుగారూ, మీరింతటివారని నాకు తెలియదండీ. నేనూ ఇరవై ఏళ్లుగా రోజూ నడుస్తున్నాను గానీ ఆ వేగం నా వల్ల కాదు. రేపు ఐదున్నరకి వస్తాను, కలిసే వెళదాం." ఆయనుండేది రెండు వీధుల అవతలే. దొంగకు తేలు కుట్టినట్టు "తప్పకుండా మామయ్యగారూ" అన్నాను. టైప్ చేసింది చెరిపేశాను.

మర్నాడు ఐదున్నరకి తలుపు చప్పుడు. చంకలో మడతపెట్టిన పేపరుతో మామగారు. పార్కు దాకా వెళ్లేసరికే నాకు ఆయాసం వచ్చింది. విచిత్రం, ఆయనకీ వచ్చింది. నా కోసమే నెమ్మదిగా నడుస్తున్నారు కాబోలు, ఎంత సంస్కారం అనుకున్నాను. "నిన్న బాగా నడిచారు కదా, ఇవాళ చిన్నగా కానిద్దాం" అన్నారు. పావుగంటలో ఇంటికొచ్చాం. పార్కులో ఏ బల్లకి ఎప్పుడు ఎండ వస్తుందో, ఏ బల్ల కాలు ఊగుతుందో దారంతా చెప్పారు. రోజూ నడిచే మనిషికి బల్లల గురించి ఇంత పరిజ్ఞానం ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

ఆ మర్నాడూ తలుపు చప్పుడే. ఆ పై రోజూ అంతే. పళ్లు తోముకోవడం అవగానే బూట్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. లక్ష్యం సంగతి పక్కనపెట్టండి, పెద్దాయన్ని గుమ్మంలో నిలబెట్టకూడదు కదా. పావుగంట కాస్తా ఇరవై నిమిషాలైంది, తర్వాత అరగంట. వారానికి ఐదు రోజులు అరగంట నడిస్తే 150 నిమిషాలు, పెద్దవాళ్లకి కనీసం అంత ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోందని మా అమ్మాయి మెచ్చుకుంది. కండరాలకి పని చెప్పే వ్యాయామం వారానికి రెండు రోజులు ఉండాలని కూడా అందిగానీ, అప్పుడు ఇద్దరం తలుపు దగ్గరున్న డంబెల్ వైపు చూసి మాట మార్చాం.

పదివేల అడుగుల గుట్టు కూడా మా అమ్మాయి పుణ్యాన్నే తెలిసింది. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి పెట్టి దానికి "మన్పోకే" అని పేరు పెట్టారు. పదివేల అడుగుల మీటరని అర్థం. అంటే అది డాక్టర్ల లెక్క కాదు, సరుకు పేరు. మా బావమరిది చెప్పిన 21 రోజులదీ ఇలాంటి కథే. 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయినవాళ్లకి అద్దంలో తమ కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. నాకు అలవాటు కావలసింది మొహమా? లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా కొంప మునిగిపోదని కూడా తేలిందట. ఆ 254 వాళ్లు ఎవరో గానీ నాకు దగ్గరి చుట్టాల్లా అనిపించారు.

నలభయ్యో రోజు కాబోలు, మనసు ఆగలేదు. పార్కు రెండో మలుపు దగ్గర చెప్పేశాను. "మామయ్యగారూ, ఆ 11,260 నావి కావండీ. వాషింగ్ మెషిన్‌వి."

ఆయన ఆగిపోయారు. కోప్పడతారనుకున్నాను. చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఇరవై ఏళ్లుగా నడుస్తున్నానని చెప్పానే, అందులో పన్నెండేళ్లు ఆ వేపచెట్టు కింది బల్ల మీద పేపరు చదివి ఇంటికెళుతున్నానండీ. మీ అత్తయ్యకి తెలియదు. మీరు నిమిషానికి రెండొందలు వేస్తారని విని, మీ ముందు పరువు పోతుందని ఆ ముందురోజు రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు."

ఇద్దరం ఆ బల్ల మీదే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. పేపరు విప్పుతారేమో అనుకున్నాను. ఆయన దాన్ని మళ్లీ చంకలో పెట్టుకుని లేచారు.

"పదండి పదండి. నిజాలు చెప్పుకున్నాం కదా అని ఇవాళ త్వరగా వెళితే ఇంట్లో అనుమానం వస్తుంది."